ఆదివారం ఆటకు ఏ మాడ్యూల్ తెచ్చుకోవాల?

కడపలో మా మిద్దె మీద ప్రతి ఆదివారం ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రై మాటలతోనే కథ నడిపే ఆట ఇది. ఆట నడిపేది నేనే.

మాడ్యూల్ అంటే ఆడేదానికి ముందే రాసిపెట్టిన కథ పుస్తకం. దాన్ని కొనేముందు అట్ట మీది బొమ్మ కాదు, పాత్రల బలం ఏ లెవెల్ నుంచి ఏ లెవెల్ దాకా పెరుగుతుందన్నది చూడండి. 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ 1 నుంచి 5 దాకా, 64 పేజీలే. కొత్తవాళ్లకు నేను చెప్పేది అదే. 2016 నాటి ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ 10 దాకా పోతుంది. నెలల తరబడి అదే మనుషులు కుదురుగా వస్తారనుకుంటేనే దాన్ని ముట్టుకోండి.

తర్వాత పుస్తకం నడిమధ్య, కథలోని ఏదో ఒక గది గురించి రాసింది తీసి చదవండి. అక్కడ ఎవరున్నారు, వాళ్లకేం కావాల, కత్తి దూయకుండా మాట కలిపితే ఏం చెప్తారు? ఈ మూడూ అర పేజీలోపే దొరకాల. ఒకసారి నేనిది చూసుకోలేదు. మా తమ్ముడు కాపలా కాసే చిట్టి రాక్షసుడు గోబ్లిన్‌ను పట్టుకుని, ‘మీ నాయకుడు నీకు కడుపుకింత పెడతాడా లేదా?’ అని అడిగినాడు. ఎంత మంచి ప్రశ్న! పుస్తకంలో ఆ గోబ్లిన్‌కు పేరు కూడా లేదు. నాకు నోట మాట రాలేదు. మాటకారులు ఆడే ఆటకు మనుషుల గురించి రాసిన మాడ్యూలే తేవాల.

చోటు కూడా కళ్లకు కట్టాల. లోయ అంచున కోట ఉంటే ‘గండికోట అనుకోండి, కింద పెన్న’ అంటా. మావాళ్లు వెంటనే తాడు ఎంత పొడుగుందో లెక్కేస్తారు.