కారవాన్ పక్క డిక్కీలకు ఇన్సులేషన్ ఎలా చేయాలి? డెల్టా ఎండకూ చెమ్మకూ తట్టుకునేలా

ఆత్రేయపురంలో కొన్న పూతరేకుల డబ్బాను బండి పక్క డిక్కీలో పెట్టుకుని అంతర్వేది వెళ్లాం. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం. గుడి దగ్గర డిక్కీ తలుపు తీసేసరికి పొయ్యి సెగలా వేడి కొట్టింది. నెయ్యి కారిపోయి పూతరేకులన్నీ ముద్దయ్యాయి. అదే డిక్కీని సంక్రాంతి మంచులో తెల్లవారుజామున తీస్తే ఇనప రేకు లోపలి వైపంతా నీటి బొట్లు. దుప్పట్లు చెమ్మగిల్లి వాసన వస్తున్నాయి. ఆ తర్వాతే డిక్కీలన్నీ ఖాళీ చేసి ఈ పనికి కూర్చున్నాను.

చలి దేశాల్లో కారవాన్ డిక్కీలకు ఇన్సులేషన్ వేసేది ముఖ్యంగా నీళ్ల పైపులు గడ్డకట్టకుండా. మనకు ఆ భయం లేదు. మనకున్నది ఎండ, దానికి తోడు కాలువలు, చేపల చెరువులు, సముద్రపు గాలి తెచ్చే తేమ. అందుకే ఫోమ్ ఎంత మందం వేశామన్నది నా దృష్టిలో రెండో విషయం. రేకుకీ ఫోమ్‌కీ మధ్య గాలి దూరకుండా అంటించామా, తలుపు సందులు మూశామా అన్నదే మొదటిది.

1. ముందు, ఏ డిక్కీ జోలికి వెళ్లకూడదో చూసుకోండి

గ్యాస్ సిలిండర్ ఉన్న డిక్కీకి అడుగున గాలి రంధ్రాలుంటాయి. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే కిందికి దిగి ఆ రంధ్రాల్లోంచే బయటికి పోవాలి. చల్లదనం కోసమో దుమ్ము రాకుండానో వాటిని మూస్తే ప్రాణాల మీదికి వస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీల డిక్కీది ఇంకో రకం. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకి లేస్తుంది, అక్కడ పై రంధ్రాలు తెరిచి ఉండాలి. ఇన్వర్టర్, జనరేటర్ తామే వేడి పుట్టిస్తాయి. వాటి చుట్టూ ఫోమ్ వేస్తే జ్వరం వచ్చినవాడికి రగ్గు కప్పినట్టే. ఈ నాలుగూ పోగా మిగిలినవాటికే ఇన్సులేషన్.

2. కడిగి, తడిపి, ఆరబెట్టండి

శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు ఈ పని పెట్టుకుంటే మంచిది. వానాకాలంలో వద్దు, బంక సరిగా పట్టదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

డిక్కీ ఖాళీ చేసి కడగండి. తర్వాత తలుపు మూసి బయటి నుంచి పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించండి. లోపల ఒకరు టార్చిలైటుతో చూస్తుంటే నీరు ఎక్కడ నుంచి వస్తోందో తెలుస్తుంది. అక్కడ పాలీయురేథేన్ సీలెంట్ వేయాలి. కారే డిక్కీకి ఇన్సులేషన్ వేస్తే, ఫోమ్ వెనక రేకు కనబడకుండా కుళ్లిపోతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల ఈ బాధ మరీ ఎక్కువ. తుప్పును ఉప్పుకాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఒక రోజంతా ఎండలో ఆరనివ్వండి.

3. ఏ ఫోమ్ కొనాలి?

భీమవరం చేపలు ఐసులో ఊరూరూ వెళ్లేది థర్మోకోల్ పెట్టెల్లోనే కదా అని చాలామంది అదే తెచ్చి పెడతారు. పెట్టెకు అది సరిపోతుంది. బండికి కాదు. పూసల మధ్య సన్నని సందుల్లోంచి నీరు మెల్లగా ఎక్కుతుంది, గతుకుల్లో అంచులు రాలిపోతాయి. గ్లాస్ ఊల్ అసలే వద్దు. చెమ్మ పట్టిందంటే పనికిరాదు.

చదునైన గోడలకు, అడుగుకు 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (పూసలు లేకుండా ఒకే పలకగా వచ్చే గట్టి పాలీస్టైరీన్ ఫోమ్) బోర్డు వాడాను. వంపులున్నచోట ఏసీ పైపులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు. ఏసీ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది, చెమ్మను దాదాపుగా పీల్చదు, ఎలా వంచితే అలా వంగుతుంది. డబ్బు సరిపడితే మొత్తం దానితోనే చేయమంటాను.

వెండి రంగు రేకు షీటు ఒక్కటే అంటిస్తే చాలు, ఎండంతా వెనక్కి పోతుందని కొందరు నమ్ముతారు. దాని ముందు ఖాళీ జాగా ఉంటేనే అది వేడిని వెనక్కి పంపుతుంది. ఇనప రేకుకు నేరుగా అంటించి పైన చెక్క బిగిస్తే ఫలితం దాదాపు ఏమీ ఉండదు.

4. కొలిచి, కోసి, అంటించండి

ముందు అట్టముక్కలతో నమూనాలు కోసుకోండి. డిక్కీలో ఏ మూలా సరిగ్గా చతురస్రంగా ఉండదు, నేరుగా బోర్డు కోస్తే సగం వృథా. ఫోమ్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దగా కోస్తే బిగుతుగా కూర్చుంటుంది.

బంక దగ్గర జాగ్రత్త. మామూలు రబ్బరు బంకలోని ద్రావకం ఎక్స్‌పీఎస్‌నూ, థర్మోకోల్‌నూ కరిగించేస్తుంది. వాటికి ద్రావకం లేని బంకే వాడాలి. నైట్రైల్ షీటుకు మాత్రం రబ్బరు బంక బాగానే పడుతుంది. బంకను చుక్కలు చుక్కలుగా పెట్టకుండా మొత్తం పూయండి. ఖాళీ ఉన్నచోట తడిగాలి చేరి, రాత్రి చల్లబడ్డ రేకు మీద బొట్లు కడుతుంది. మా డిక్కీలో సంక్రాంతికి జరిగింది అదే.

వైర్లు ఎక్స్‌పీఎస్‌కు తగలకూడదు. తగిలితే పీవీసీ తొడుగును మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ల మీద ఫోమ్‌లోకి పోయి, తొడుగు పెళుసై పగులుతుంది. వైర్లను గొట్టంలోంచి తీసుకెళ్లండి. సైలెన్సర్ పైన ఉండే అడుగుభాగంలో ఈ ఫోమ్ వద్దు. 75 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడిపోతుంది. అక్కడ హీట్ షీల్డ్ బిగించండి.

అతుకులన్నిటి మీదా అల్యూమినియం టేపు వేయండి. నీరు పోయే కన్నాలను మాత్రం మూయకండి, సన్నని స్టీలు జాలీ పెట్టండి. వరిచేల గట్టున ఒక రాత్రి బండి ఆపితే చాలు, ఎలుక ఫోమ్‌లో గూడు కడుతుంది.

లోపల పైపొరగా పీవీసీ షీటు గానీ ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) గానీ స్క్రూలతో బిగిస్తే చాలు. మామూలు ప్లైవుడ్ మన తేమకు ఉబ్బిపోతుంది.

5. తలుపు

ఎక్కువమంది ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోయి వదిలేస్తారు. తలుపు లోపలి వైపు కూడా ఫోమ్ వేయండి, గొళ్లెం కదిలే చోటు వదలండి. చుట్టూ ఈపీడీఎం రబ్బరు బీడింగ్ కొత్తది వేయండి. తర్వాత ఒక పేపరు ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే బాగున్నట్టు, జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ సరిచేయాలి. అరచేతి వెడల్పుకొకసారి చొప్పున చుట్టూతా చూడండి.

ఎంతవరకు ఆశించవచ్చు?

ఇన్సులేషన్ చల్లదనాన్ని పుట్టించదు, వేడి రాకను ఆలస్యం చేస్తుంది. అన్ని వైపులా కలిపి 2 చదరపు మీటర్లున్న డిక్కీకి 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ వేసి, బయటికీ లోపలికీ 20 డిగ్రీల తేడా ఉంచాలనుకుంటే, గంటకు సుమారు అర కిలో ఐసును కరిగించే వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే అది సగమవుతుంది. కాబట్టి పులసో రొయ్యో తేవాలంటే డిక్కీలో విడిగా ఐసుపెట్టె పెట్టుకోవాల్సిందే. అయితే ఇన్సులేషన్ ఉన్న డిక్కీలో ఆ పెట్టెలోని ఐసు ఎక్కువసేపు నిలుస్తుంది.

పని అయ్యాక ఒక థర్మామీటరు లోపల, ఒకటి నీడలో బయట పెట్టి ఒక మధ్యాహ్నమంతా రాసుకోండి. బండి ఎండ తగిలే వైపునుండే డిక్కీకీ నీడ వైపు డిక్కీకీ తేడా చూశాక, ఆవకాయ జాడీ ఏ వైపు పెట్టాలో, పూతరేకులు ఏ వైపు పెట్టాలో మీకే తెలుస్తుంది.