ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్, ఆర్‌సీసీబీ నిలవదు: ముందు సాకెట్ విప్పండి

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. లేదా గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై తెంచే స్విచ్చు) పడిపోతుంది. నన్ను పిలిచేసరికే చాలామంది కొత్త ఆర్‌సీసీబీ కొనేసి ఉంటారు, కొందరు దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేసి ఉంటారు. దయచేసి డైరెక్ట్ మాత్రం ఇవ్వొద్దు. సాకెట్ విప్పి లోపల చూసినవాళ్లు ఇంతవరకు నాకు కనపడలేదు.

మెయిన్ ఆపి విప్పండి. పైనున్న పెద్ద పిన్నుకు ఆకుపచ్చ వైరు లేకపోయినా, ఊడిపోయినా, షాక్ అందుకే తెలుస్తోంది. ఎర్త్ వేయించండి.

అసలు ప్రమాదం, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకు వేసిన చిన్న వైరు ముక్క. ఎర్త్ లాగని పాత ఇళ్లలో ఇది మామూలే. మల్టీమీటరు పెడితే ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరు) ఎర్త్‌కీ మధ్య చక్కగా 230 వోల్టులు చూపిస్తుంది. నేనూ అది చూసి ఒక ఇంట్లో 'ఎర్త్ బాగుంది' అని చెప్పి వచ్చేశాను. తర్వాత ఆ లైనులో న్యూట్రల్ స్క్రూ వదులైంది. న్యూట్రల్ తెగితే ఫేజ్ మోటారు గుండా వచ్చి, ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీకే చేరుతుంది. ఆ ఇంటావిడకి గట్టిగా కొట్టింది, ప్రాణం దక్కింది. అప్పటి నుంచి మీటరు మాట ఒక్కటే నమ్మను, సాకెట్ విప్పాల్సిందే.

ఎర్త్ వైరు ఉన్న ఇంట్లో న్యూట్రల్ దానికి తగిలితే కథ వేరు. తిరిగి రావాల్సిన కరెంటులో కొంత ఎర్త్‌లోకి పోతుంది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఆ గది ఎంసీబీ (ఆ లైనును ఆపే ట్రిప్ స్విచ్చు) ఆపినా పడుతూనే ఉంటుంది. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. పక్క గదిలో గీజర్ వేసినా పడటం అందుకే.

పట్టుకోవడం ఇలా: మెయిన్ ఆపండి, ప్లగ్గులన్నీ తీసేయండి. డీబీలో (ఎంసీబీలుండే బోర్డు) న్యూట్రల్ లింకు, అంటే న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ, నుంచి వైర్లు ఒక్కొక్కటీ విప్పి, ఎర్త్ లింకుతో కంటిన్యుటీ (రెండూ కలిసి ఉన్నాయా అని) మల్టీమీటరుతో చూడండి. బీప్ వచ్చిన వైరే దోషి. ఆ లైను బోర్డులన్నీ విప్పి, ముక్క తీసేసి, డీబీ నుంచి వేరే ఆకుపచ్చ వైరు లాగండి. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేసేస్తారు, ఇంట్లో మళ్లీ కలపకూడదు.

గీజర్ కాయిల్ లీకు, గోడలో తడి, ఎలుక కొరికిన వైరు కూడా ఉంటాయి. ప్లగ్గు తీస్తే ఆగితే ఆ వస్తువుదే తప్పు. ఆర్‌సీసీబీ చెడిపోవడం అరుదు.

చివరగా అదే లైనులో బరువైన లోడు వేసి, సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. ఒకటో రెండో వోల్టులు వస్తే సహజం. కచ్చితంగా సున్నా చూపిస్తే మళ్లీ విప్పండి.