పండగ ఆర్డర్లు మొదలయ్యాయి, బుల్లి టెడ్డీలకి కళ్ళు జిగురుతో పెట్టకండి

పోయిన వారం పాలకొల్లు దగ్గర ఒకళ్ళింట్లో ఉయ్యాలకి కట్టిన బుల్లి టెడ్డీ కన్ను ఊడి పది నెలల పాప నోట్లోకి వెళ్ళిపోయిందండి. బారసాలకి ఎవరో ప్రేమగా చేయించి తెచ్చిన బొమ్మ, మూడంగుళాలు కూడా ఉండదు. పాప దగ్గుతుంటే వాళ్ళ అమ్మమ్మ చూసి బోర్లా తిప్పి వీపు మీద చరిచింది, గాజుపూస బయటపడింది, పిల్ల క్షేమంగా ఉంది. ఆ కన్ను ఫోటో మా లేసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పూస వెనకాల ఎండిపోయిన జిగురు బిళ్ళ, దానికి అంటుకుని నాలుగు గోధుమరంగు పోగులు. దారం అన్నదే లేదు.

నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు లేసు అల్లే చేతులకి క్రోషే టెడ్డీ అల్లడం పెద్ద పనేం కాదు. క్రిస్మస్‌కి కీచైన్లు, సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే మనవలకి బుల్లి టెడ్డీలు, మధ్యలో బారసాలలు, నవంబరు నుంచి ఊపిరాడదు. ఆ హడావిడిలో ముందు దెబ్బతినేది కళ్ళే, ఎందుకంటే పూస కళ్ళు ఆఖర్న పెడతాం, అప్పటికి చెయ్యి నొప్పెడుతుంటుంది, అవతల కొరియర్ టైమ్ అయిపోతుంటుంది. అల్లిక బిగువుగా ఉండాలి, దూది గట్టిగా కూరాలి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే, కన్ను నిలబడాల్సింది దారం మీద, జిగురు మీద కాదు.

జిగురుతో అసలు గొడవేంటంటే

పెట్టిన రోజు గట్టిగానే ఉంటుందండి, అదే దాని మోసం. గ్లూ గన్ జిగురు నున్నటి గాజుని సరిగ్గా పట్టుకోదు, ఎండలో కారులో వేలాడదీస్తే మెత్తబడుతుంది, చల్లారాక బిళ్ళలాగా ఊడొస్తుంది. క్విక్ జిగురు ఇంకో రకం, అది దారంలోకి ఇంకి దాన్ని పుల్లలా చేసేస్తుంది, గట్టిపడిన చోటు అయిపోయి మెత్తటి దారం మొదలయ్యే అంచు ఉంటుందే, అక్కడే పుటుక్కున తెగుతుంది. నూలు మీద ఎక్కువ పడితే వేడెక్కి వేలు కాలుతుంది కూడా.

ఇంకా పెద్ద తప్పు మంచి పనివాళ్ళు కూడా చేసేది ఒకటుంది. "ముడి వేశానక్కా, పైన సేఫ్టీకి ఒక చుక్క జిగురు కూడా వేశాను" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జిగురు ఆరాక కన్ను లాగి చూస్తే రాదు కదా, రానిది ముడి వల్లా జిగురు వల్లా అన్నది నీకెలా తెలుస్తుంది? వదులు ముడి ఆ చుక్క కింద దాక్కుంటుంది. ఆర్నెల్లకి జిగురు వదిలేస్తుంది, అప్పుడు బరువంతా ఎప్పుడూ పరీక్ష పెట్టని ముడి మీద పడుతుంది, ఆ టైముకి బొమ్మ మన చేతిలో ఉండదు, ఏ పిల్ల చేతిలోనో ఉంటుంది. ఇలా అమ్మి పేరు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను, పని ఎంత బాగుంటే ఏం లాభం. అందుకే జిగురు సాయానికి కూడా వద్దు.

దారంతో ఎలా

దారం ముందు. లేసు నూలు, ఎంబ్రాయిడరీ దారం కళ్ళకి పనికిరావు. చెప్పులు కుట్టే నైలాన్ దారం సన్న రకం దొరుకుతుంది, అది తీసుకుని మైనం ముక్క మీద రెండుసార్లు లాగండి. గేలానికి కట్టే తంగూసు మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి చాలామంది అది వాడతారు, బలం ఉంది కానీ నున్నగా ఉండి ముడి జారిపోతుంది. వద్దు.

వెనక తీగ చెవి, అంటే దారం దూర్చే తీగ చుట్ట, ఉన్న గాజు కన్నయితే ముందు ఆ చెవిని పట్టకారుతో నొక్కి సన్నగా చెయ్యండి. తీగ కొస లోపలికి మొనదేలి ఉందేమో వేలితో కాదు, దారంతో చూడండి. ఒక తుక్కు దారం ముక్క చెవిలోంచి ముందుకీ వెనక్కీ ఓ పదిసార్లు లాగితే నూగు లేచిందంటే అది రంపం, పక్కన పడేయండి. పూసలకీ ఇదే పరీక్ష, గాజుపూస కన్నం అంచు ఒక్కోసారి బ్లేడులా ఉంటుంది.

అరమీటరు పైన దారం తీసుకుని సగానికి మడిచి, మడతని చెవిలోంచి దూర్చి, కొసలు రెండూ ఆ మడతలోంచి లాగితే ఉచ్చు బిగుస్తుంది. పూసయితే ఊరికే కన్నంలోంచి తీసి రెండు కొసలు సమానం చేసుకోండి చాలు. కన్ను కూర్చునే చోట అల్లికని లావు సూది మొనతో పక్కకి జరపండి, కత్తిరించొద్దు. ఇప్పుడు పొడుగు సూదికి ఒక కొస ఎక్కించి కంటి చోటు నుంచి తలలోకి దింపి మెడ అతికే చోట, కింద నుంచి బయటికి తియ్యండి. రెండో కొస కూడా అదే కంటి చోటులోంచే లోపలికి, కానీ బయటికి వచ్చేది మాత్రం మొదటిదానికి రెండు మూడు కుట్ల దూరంలో. రెండూ ఒకే కన్నంలోంచి వస్తే ముడి అదే కన్నంలోంచి లోపలికి జారిపోతుంది. ముడికి అల్లిక అడ్డం ఉండాలి.

ఇక బొటనవేలితో ముందు నుంచి కన్ను నొక్కి పట్టి వెనక నుంచి దారాలు లాగండి. కన్ను కొంచెం లోపలికి కూర్చుని చుట్టూ గుంట పడుతుంది, బొమ్మకి చూపు అక్కడే వస్తుంది. మొదటి ముడికి దారం రెండు చుట్లు తిప్పండి, అది వదలకుండా ఉంటుంది, దానిమీద ఇంకో మూడు మామూలు ముళ్ళు. మిగిలిన కొసల్ని కత్తిరించేయకుండా తలలోకి నాలుగు వైపులా తిప్పి కుట్టి అప్పుడు తుంచండి. రెండు కళ్ళకీ వేర్వేరు దారాలు. ఒకే దారంతో రెండూ కడితే పని తొందరగా అయిపోతుంది, ఒకటి తెగితే రెండూ పోతాయి.

ఎవరికి ఏ కన్ను

తొలి టెడ్డీలు 1902, 1903 ప్రాంతంలో వచ్చినప్పుడు వాటికి షూ బొత్తాలే కళ్ళు, ఆ తర్వాత తీగ మీద గాజు కళ్ళు, వెనక నుంచి బిగించే సేఫ్టీ కళ్ళు ఇంకా చాలా ఏళ్ళకి వచ్చాయి. మనకి దొరికే ప్లాస్టిక్ సేఫ్టీ కళ్ళ పేరులో సేఫ్టీ ఉంది కదా అని నమ్మేయకండి. 4, 5 మిల్లీమీటర్ల వాటికి వాషర్, అంటే లోపల కంటి కాడకి బిగించే బిళ్ళ, బుల్లిగా ఉంటుంది, క్రోషే కన్నం సాగితే వాషర్‌తో సహా బయటికొచ్చేస్తుంది. లోపల ఫెల్ట్ గుడ్డ ముక్క వేసి దానిమీంచి వాషర్ నొక్కండి.

మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి వెళ్ళే బొమ్మకి పూసా వద్దు, గాజూ వద్దు, సేఫ్టీ కన్నూ వద్దు. నల్లదారంతో కన్ను కుట్టెయ్యండి. బారసాల ఆర్డరు అంటే అది చిన్నపిల్లల ఇల్లే కదండీ, అడగక్కర్లేదు.

మిగతావి గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాసేస్తున్నా:

- కన్ను పెట్టాక లాగి చూడండి. వేలితో కాదు. కంటికి గుడ్డ చుట్టి పట్టకారుతో పట్టుకుని స్ప్రింగ్ కాటా కొక్కెం తగిలించి లాగండి. యూరప్ బొమ్మల ప్రమాణం ఈఎన్ 71లో 6 మిల్లీమీటర్ల లోపు కంటికి 50 న్యూటన్లు, దాటితే 90. అంటే కాటా మీద సుమారు 5 కిలోలు, 9 కిలోలు. పది సెకన్లు పట్టి ఉంచండి.
- ప్రతి బొమ్మకీ చూడండి. డజనులో ఒకటి చూసి వదిలెయ్యకండి.
- గట్టి ముడి అని లాగకుండా పంపొద్దు.
- అంగుళంపావు లోపు బొమ్మయితే కన్నే కాదు, బొమ్మ మొత్తం పిల్ల గొంతులో పడుతుంది. అవి షోకేసుకి మాత్రమే అని కార్డు మీద తెలుగులో రాసి పెట్టండి.
- ఇనప తీగ కళ్ళు కొనొద్దు. అంతర్వేది గాలికి, మన వానలకి తుప్పు పడుతుంది, తుప్పు దారాన్ని తినేస్తుంది. ఉన్న కళ్ళని మూత బిగువున్న డబ్బాలో సిలికా ప్యాకెట్టు వేసి దాచుకోండి.
- ఒకసారి పీకిన వాషర్ మళ్ళీ వాడొద్దు.
- వాషర్ పారేసుకుని కాడని కొవ్వొత్తి మీద కాల్చి నొక్కేవాళ్ళున్నారు. వద్దు.
- దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్ళకి మినహాయింపు ఉంది. మినహాయింపు మార్కుకే, మన ముడికి కాదు.
- చెయ్యి నొప్పి, కళ్ళు లాగుతున్నాయి అన్నప్పుడు ఆపేయండి. రాత్రి పదకొండు తర్వాత పెట్టిన కళ్ళు పొద్దున్న మళ్ళీ లాగి చూడండి.
- ఉయ్యాలకి కట్టే బొమ్మ పిల్ల కూర్చోవడం మొదలెట్టగానే తీసెయ్యమని కొన్నవాళ్ళకి నోటితో చెప్పండి.
- పిల్ల నోట్లో పూస పోతే, అది కంటికి కనపడనప్పుడు వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గుతుంటే దగ్గనివ్వండి. ఊపిరాడకపోతే, ఏడాది లోపు పిల్లని తల కిందకి ఉండేలా ముంజేతి మీద బోర్లా పట్టి రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదు సార్లు చరచండి, రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు, అలా మార్చి మార్చి. పక్కనున్నవాళ్ళు 108కి చెయ్యాలి.
- జిగురు వద్దు. చుక్క కూడా వద్దు. ముక్కుకి వేస్తున్నా కదా అని కంటికీ వెయ్యొద్దు, ముక్కుకీ వెయ్యొద్దు, ముక్కు కూడా దారంతోనే.
- ఆర్డరు ఆలస్యమైతే ఫోన్ చేసి రెండ్రోజులు అడగండి.
- ఇప్పటికే జిగురు కళ్ళతో అమ్మినవి ఉంటే ఈ వారమే ఆ ఇళ్ళకి ఫోన్లు చెయ్యండి. బొమ్మ తెప్పించుకుని, కళ్ళు పీకేసి, దారంతో కుట్టి, కాటాతో లాగి చూసి తిరిగివ్వండి. డబ్బులు అడగొద్దు.