పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లో డిస్క్ ఫార్మాట్ కాకపోతే

విండోస్ ఎక్స్‌పీతో నడిచే ఇంటి కంప్యూటర్‌కు కొత్త డిస్క్ తగిలించినప్పుడు అది తెరుచుకోకపోయినా, అసలు పరిమాణం కంటే తక్కువ చూపినా, డిస్క్ చెడిపోయిందని వెంటనే నిర్ణయించుకోకండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి తెలిసిన హద్దులను అది దాటి ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మెమరీ కార్డు విషయం. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్ళను అమర్చే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఫార్మాట్ అంటే డిస్క్‌ను కొత్తగా సిద్ధం చేయడం, అప్పుడు అందులో ఉన్నవి పోతాయి. దానికి కావలసిన అప్‌డేట్ లేని ఎక్స్‌పీ ఆ పద్ధతిని గుర్తించలేక, డిస్క్ ఫార్మాట్ కాలేదనీ ఇప్పుడు చేయమంటారా అనీ అడుగుతుంది. కార్డు నిండా పెళ్ళి ఫోటోలున్నా అడిగేది అదే ప్రశ్న. దయచేసి 'నో' నొక్కి, కార్డును కొత్త కంప్యూటర్‌లో పెట్టి, అందులో ఉన్నవన్నీ మరోచోట భద్రపరచిన తరువాతే ముందుకు సాగండి.

ఎక్స్‌పీకి తెలిసిన ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయదలిస్తే రెండు పరిమితులున్నాయి. 32 జీబీ కంటే పెద్ద పార్టిషన్‌ను (డిస్క్‌లోని విభాగాన్ని) ఎక్స్‌పీ తానుగా ఫ్యాట్32లో ఫార్మాట్ చేయదు. కానీ వేరేచోట చేసి తెస్తే చక్కగా వాడుకుంటుంది. ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు, కనుక పెద్ద వీడియోలు దాచే డిస్క్‌కు ఎన్‌టీఎఫ్ఎస్ అనే మరో పద్ధతి మేలు.

పెద్ద హార్డ్ డిస్క్ 128 జీబీగానే కనిపిస్తే కారణం లెక్కలోనే ఉంది. పాత పద్ధతిలో సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గడుల) సంఖ్యను 28 బిట్లలో రాసేవారు. ఆ సంఖ్యను ఒక్కో సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున హెచ్చిస్తే అంతే వస్తుంది. డిస్క్ పెట్టె మీది లెక్కలో అది 137 జీబీ. మదర్‌బోర్డు బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) కూడా సహకరిస్తే, ఎక్స్‌పీ అప్‌డేట్ల మూట అయిన సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఈ అడ్డంకి ఉండదు. సర్వీస్ ప్యాక్ 3 వేసుకోవడం ఇంకా మంచిది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ ప్రొటెక్టివ్ (జీపీటీ అంటే డిస్క్‌ను విభజించే కొత్త పద్ధతి) అని కనిపిస్తే మాత్రం 32 బిట్ ఎక్స్‌పీ దాన్ని తెరవలేదు. డేటా వేరేచోట దాచి, డిస్క్‌ను ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతికి మార్చాలి. అప్పుడు కూడా సాధారణంగా 2 టీబీ వరకే వాడుకోగలరు.

ఎక్స్‌పీని కొత్తగా ఎక్కించేటప్పుడు సీడీ నుంచి కొంత దూరం వెళ్ళి నీలి తెర వస్తే, బయోస్‌లో సాటా (హార్డ్ డిస్క్‌ను కలిపే మార్గం) అమరికను ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి నుంచి ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చి చూడండి. ఇప్పటికే సరిగా నడుస్తున్న కంప్యూటర్‌లో ఈ అమరికను ముట్టుకోవద్దు, ఎందుకంటే అది బూట్ కావడం మానేయవచ్చు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. విండోస్ 95, 98 కాలపు ప్రోగ్రామ్ మొరాయిస్తే, దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఆ పాత విండోస్ పేరును ఎంచుకోండి. 16 బిట్ ప్రోగ్రామ్‌లు 64 బిట్ విండోస్‌లో అసలు నడవవు, కనుక అలాంటివి అవసరమైనవారు పాత 32 బిట్ కంప్యూటర్‌ను పారేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

తెలుగు అక్షరాలు డబ్బాలుగానో, గుణింతాలు విడివిడిగానో కనిపిస్తే కొత్త ఫాంట్ కోసం వెతకనక్కరలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోని రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో, లాంగ్వేజెస్ ట్యాబ్ కింద, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న గడిలో టిక్ పెట్టండి. ఎక్స్‌పీ సీడీ అడిగితే పెట్టి, కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెడితే గౌతమి ఫాంట్‌తో ఒత్తులూ గుణింతాలూ కుదురుగా కనిపిస్తాయి.