సోరియా గురించి చదవాలంటే ముందు జనాభా కాదు, ఎత్తు చూడండి

పాలమూరు వలసల మీద ప్రాజెక్ట్ రాసే పిల్లలు పోల్చి చూడటానికి ఏ ప్రాంతం తీసుకోవాలని అడిగితే, స్పెయిన్‌లోని సోరియా ప్రావిన్స్ తీసుకోమంటాను. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు సుమారు 220 మంది ఉంటే, సోరియాలో ఇప్పుడు తొమ్మిది మంది కూడా లేరు. పది వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల, మనుషులేమో దాదాపు 90 వేలు. ఈ అంకె చూసి ఎడారి అని మాత్రం రాసేయకండి.

ముందు ఫిజికల్ మ్యాప్ తెరవండి. సోరియా పట్టణమే సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది, ఉత్తరాన ఉర్బియోన్ కొండలు రెండు వేలు దాటుతాయి. అక్కడ పుట్టిన డ్యూరో నది వెంట వేలు పెట్టి పోండి. పట్టణాన్ని ఒరుసుకుంటూ దిగి, విల్లులా వంగి పడమటికి తిరిగి, పోర్చుగల్ మీదుగా అట్లాంటిక్‌లో కలుస్తుంది.

పట్టణానికి కొంచెం ఎగువన, తేరా ఏరు డ్యూరోలో కలిసే చోట గుట్ట మీద నుమాన్సియా అనే ప్రాచీన ఊరు ఉండేది. ఇక్కడ తొందరపడకుండా చదవండి. దాన్ని ముట్టడించిన రోమన్ సేనాని స్కిపియో ఊరి చుట్టూ గోడ కట్టించాడు, నది మీద గోడ కట్టలేక రెండు ఒడ్డుల నుంచి దుంగలను తాళ్లతో కట్టి నీళ్లలోకి వదిలాడు. ఆ దుంగల నిండా కత్తులు, ఈటె మొనలు. ప్రవాహానికి అవి తిరుగుతుంటే ఈదేవాడు, మునిగి పోయేవాడు, పడవ మీద వచ్చేవాడు ఎవరూ దాటలేరు. క్రీ.పూ. 133లో ఆకలికి ఊరు లొంగిపోయింది. నది తెలిస్తేనే ఈ యుద్ధం అర్థమవుతుంది.

తర్వాత గొర్రెల దారులు గీయండి. మేత కోసం మందలు తోలుకుపోయే మన గొల్ల కురుమలను చూసినవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. సోరియా కాపరులు మంచు పడకముందే మెరీనో గొర్రెలతో దక్షిణాన ఎక్స్‌ట్రెమదురాకు దిగేవాళ్లు. 1273లో రాజు పదో అల్ఫోన్సో ఈ కాపరుల సంఘానికి, అంటే మెస్తాకు, హక్కులిచ్చాడు. పెద్ద దారుల వెడల్పు దాదాపు 75 మీటర్లు. 1836లో మెస్తా రద్దయింది.

వలసను చివర్లో పెట్టండి. 1950లో సుమారు లక్షా అరవై వేల మంది ఉండేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చి పొలాల్లో పని తగ్గింది, అటు మాడ్రిడ్, బార్సిలోనా, సరగోసాల్లో ఫ్యాక్టరీలు పిలిచాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి.

ఇదే వరుసలో మీ మండలానిదీ పక్క పేజీలో వేయండి: ఎత్తు, వాగు, మందల దారి, వలస. చివరిది పుస్తకాల్లో దొరకదు కాబట్టి, ఎవరు ఏ ఏడు ఏ పనికి ఏ ఊరు పోయారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి.