వినాయక మండపానికి కొలతకు తగ్గ ఎక్స్‌టెన్షన్ వైరు

వినాయక చవితి వచ్చేది వానల్లో. మండపానికి ఇనప పైపులు, కింద తడి నేల, చెప్పులు విడిచి వచ్చే జనం. అలాంటి చోట ఇంట్లోని ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, పొడవు చాలక ఇంకో వైరు ముక్క మెలేసి టేపు చుట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. లైటు ఎక్కడ కావాలో అక్కడే సాకెట్టు వచ్చేలా, ప్రతి కలయికా పెట్టె లోపల స్క్రూ కిందే ఉండేలా వైరు కట్టుకోవాలి. ఒక పూట పని.

ముందు కొలత. ఒక తాడు తీసుకుని, లైను తీసుకునే సాకెట్టు దగ్గర మొదలుపెట్టి, వైరు నిజంగా పోయే దారినే గోడ వెంట, రాట మీదుగా నడవండి. గాల్లో సూటిగా కొలిస్తే చివర్లో రెండు మీటర్లు తక్కువ పడుతుంది. సాకెట్టు రావలసిన చోటల్లా ముడి వేయండి. మొదటి ముడి 18 మీటర్ల దగ్గర, ఆపై మూడేసి మీటర్లకు మరో మూడు ఉంటే మొత్తం 27 మీటర్లు. పెట్టెల్లోకి పోయేది, ఒంపులకు పోయేది కలిపి 30 మీటర్లు కొనండి.

వైరు మూడు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్, 1.5 చదరపు మిల్లీమీటర్లది. 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు నాలుగు, పది వాట్ల సీరియల్ సెట్లు ఇరవై పెట్టినా 400 వాట్లే, అంటే రెండు ఆంపియర్ల లోపే. అంత లావు ఎందుకంటే, ప్రసాదం వేడి చేయడానికి ఎవరో ఒకరు 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తెచ్చి అడాప్టరుతో దానికే పెడతారు. అప్పుడు దాదాపు 9 ఆంపియర్లు. సన్న వైరైతే ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడి లైను ఆపే స్విచ్చు) పడేలోపే వేడెక్కుతుంది. సౌండ్ సిస్టమ్‌కు విడిగా లైను తీయండి.

మిగతా సరుకు: 6 ఆంపియర్ల త్రీ పిన్ టాపు (ప్లగ్గు) ఒకటి, అయిదు రంధ్రాల 6 ఆంపియర్ల సాకెట్లు నాలుగు (సీరియల్ సెట్లకు రెండు పిన్నులే ఉంటాయి), వాటికి ప్లాస్టిక్ పెట్టెలు, వైరు దూరే చోట్లకు కేబుల్ గ్లాండ్లు (వైరు చుట్టూ బిగిసి నీరు రానివ్వని మూతలు), 6 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల రెండు పోళ్ల ఆర్‌సీసీబీ (కరెంటు మనిషి గుండానో పైపు గుండానో నేలకు లీకైతే లైను ఆపే స్విచ్చు), ఆ రెండూ పట్టే పెట్టె. వైరు ముక్క ఒకటి షాపుకు పట్టుకెళ్లి టాపులోని క్లాంపు కింద పడుతుందో లేదో చూసుకోండి. చాలా టాపుల్లో ఇంత లావు వైరు పట్టదు.

టాపు బిగించేటప్పుడు పై తొడుగు నాలుగు సెంటీమీటర్లు తీయండి. క్లాంపు ఆ తొడుగును పట్టాలి, లోపలి సన్న వైర్లను కాదు. ఎర్త్ వైరును మిగతా రెండింటికంటే ఒక సెంటీమీటరు పొడుగ్గా వదలండి. ఎవరి కాలైనా తగిలి వైరు లాగినా, చివరిదాకా ఊడకుండా నిలిచేది అదే కావాలి. కొసలు 8 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలేసి దూర్చండి. ఒక్క పోగు బయట మిగిలినా పక్క టెర్మినల్‌ను తాకుతుంది. కొసకు టంకం పెట్టకండి, స్క్రూ కింద సీసం నెమ్మదిగా నొక్కుకుపోయి వదులవుతుంది.

టాపు నుంచి మీటరు దూరంలో ఎంసీబీ పెట్టె. ఫేజు ఎంసీబీ గుండా ఆర్‌సీసీబీకి, న్యూట్రల్ నేరుగా ఆర్‌సీసీబీకి వెళ్లాలి. ఎర్త్ దేనిగుండా పోకుండా కనెక్టర్‌తో ముందుకు సాగాలి. అక్కణ్నుంచి సాకెట్టు పెట్టెలు. వచ్చే వైరు, వెళ్లే వైరు రెంటి కొసలూ కలిపి మెలేసి ఒకే టెర్మినల్‌లో బిగించండి. సాకెట్టును ముందు నుంచి, ఎర్త్ పైకి ఉండేలా చూస్తే ఫేజు కుడివైపు. బిగించాక ఒక్కో వైరునూ విడిగా లాగి చూడండి.

రెండు కొసలకూ టాపులున్న వైరు ఎప్పటికీ చేయకండి. ఒక కొస సాకెట్టులో ఉంటే రెండో కొస పిన్నులు ఒట్టి చేతికి కరెంటు ఇస్తాయి.

లైనుకు పెట్టే ముందు ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఆన్‌లో ఉంచి మల్టీమీటరు బజరుతో పరీక్ష. టాపు ఎర్త్ పిన్ను నుంచి నాలుగు సాకెట్ల ఎర్త్ రంధ్రాల దాకా మోగాలి. ఫేజుకు ఫేజు, న్యూట్రల్‌కు న్యూట్రల్ కూడా అంతే. ఏ రెండింటి మధ్యా అడ్డంగా మోగకూడదు. లైను తీసుకునే సాకెట్టులో ఎర్త్ నిజంగా ఉందా, ఫేజు కుడివైపే ఉందా అని టెస్టరుతో, మల్టీమీటరుతో చూడాలి. కుడిఎడమలు మారి ఉంటే ఎంసీబీ పడినా వైరులో ఫేజు అలాగే ఉంటుంది. తర్వాత వైరును లైనుకు పెట్టి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. పడకపోతే అది మార్చేదాకా వైరు వాడొద్దు.

కట్టేటప్పుడు బైండింగ్ తీగ వద్దే వద్దు. గాలికి వైరు ఊగిన కొద్దీ ఆ తీగ ఇన్సులేషన్‌ను కోస్తుంది, కరెంటు పైపుకు ఎక్కుతుంది, పైపు పట్టుకున్న పిల్లవాడికి తగులుతుంది. ప్లాస్టిక్ ట్యాగులే వాడండి. పెట్టెలు తల ఎత్తుకు పైన, రేకు కింద, గ్లాండ్లు కిందికి ఉండేలా బిగించండి. వైరు పెట్టెలో దూరే ముందు కిందికి ఒక ఒంపు తిరిగితే నీటిచుక్క అక్కడే రాలుతుంది. పాలిథిన్ కవరు బిగించి చుడితే లోపలి చెమ్మ బయటికి పోదు.

మిగిలిన వైరును చుట్టగా వదలకండి, చుట్టలో వేడి పోయే దారి ఉండదు. అన్ని లైట్లూ వేశాక అరగంటకు టాపు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే లైను తీసేసి లోపలి స్క్రూలు మళ్లీ బిగించండి.