మీ ఊరి చరిత్ర రాయాలంటే ముందు రాయి దగ్గర కూర్చోండి

నా చదువు పదో తరగతితో ఆగింది. చీరాల వైపు పల్లెల్లో ఇరవై రెండేళ్లు విలేకరిగా తిరిగాను. మిగతాదంతా పుస్తకాలు నేర్పాయి. శాసనాలు చదివి చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు కూడా 'దేశమాత' పత్రికలో పనిచేసినవారేనని తెలిశాకే నాకు ధైర్యం వచ్చింది.

ముందు గుడికి వెళ్లండి, మధ్యాహ్నం మాత్రం వద్దు. ఎండ నడినెత్తిన ఉంటే శాసనం కనబడదు. పొద్దు వాలాక టార్చిలైటును రాతికి ఆనించినట్టు పక్కనుంచి వేయండి. గాడిలో నీడ పడి, అరిగిన అక్షరం కూడా లేచి కనబడుతుంది. అప్పుడే ఫొటో తీయండి. మేకుతో గీకొద్దు, పెయింటుతో దిద్దొద్దు. తప్పు దిద్దితే చివరికి ఆ తప్పే మిగులుతుంది.

తర్వాత తేదీ పట్టుకోండి. శాసనంలోని శకవర్షానికి ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే 78 కలపాలి, పుష్య మాఘాల్లో అయితే చాలాసార్లు 79. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టింది శకం 1437, యువ సంవత్సరం, ఆషాఢంలో. 78 కలిపితే 1515. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, మనకు గుర్తున్న యువ 1995. మధ్యలో 480 ఏళ్లు, అంటే సరిగ్గా ఎనిమిది అరవైలు. కుదిరింది! మొదటిసారి ఇలా లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక ఏడాది అటూ ఇటూ అయితే టెన్షన్ వద్దు, గడిచిన ఏడాది చెప్పారో నడుస్తున్నది చెప్పారో చూడాలి. అంతకు మించి తేడా వస్తే అంకె మళ్లీ చదవండి.

కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ దొర సేకరింపజేసిన కైఫీయతుల్లో, అంటే ఊళ్లవారీగా రాయించిన వివరాల్లో, మీ ఊరుందేమో వెతకండి. స్థలపురాణం చదవండి, కానీ మాన్యాలు, పన్నుల లెక్కలు మరింత జాగ్రత్తగా రాసుకోండి. పాత పత్రికలకు నేను వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్తాను. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ ఒక్క పూట కూర్చుంటే కడుపు నిండిపోతుంది.

పెద్దవాళ్లను "అప్పట్లో ఎలా ఉండేది తాతా?" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. "ఈ బావి తవ్వింది 77 తుఫానుకు ముందా, తర్వాతా?" అని అడగండి. చెప్పినవారి పేరు, వయసు, ఆ రోజు తేదీ అక్కడికక్కడే రాసుకోండి.

మా పక్క ఊళ్లో గుడి బాగుచేస్తూ శాసనం ఉన్న బండను మెట్టుగా వేసేశారు, అక్షరాలు కిందికి పెట్టి. అంతకు నెల ముందు తీసిన మూడు ఫొటోలే ఇప్పుడు మిగిలాయి. మీ ఊరి గుడిలో పనులు మొదలయ్యేలోపే వెళ్లండి.